తీగెలోనా? గాలిలోనా?

ఈ వారం వచ్చిన వుత్తరాలలో ఒకదానికి ముందుగా జవాబు చెప్పాలి. రాజమండ్రి నుంచి ఒక సోదరి వ్రాశారు. మిగతా వుత్తరాలు ఒక వారం ఆగినా ఫరవాలేదు గాని ఇది ఆగేది కాదు. నెల తిరక్కుండా వాళ్ళ కొత్త ఇంటి గోడలకు సిమెంటు పూత వేసేస్తారట. ఆ తరువాత నేను ఏం చెప్పినా గోడకు చెప్పినట్లే!

సంగతి ఇదీ. కింద హాలు, వంటిల్లు, రెండు గదులు. మేడమీద రెండు గదులు. వాళ్ళమ్మాయి చదువు పూర్తిచేసి, పెళ్ళి వీడియోలు కూర్చే పని ఇంట్లోనే పెట్టుకున్నది. ముహూర్తాల రోజులలో ఒక్కొక్క పెళ్ళికి 200 గిగాబైట్ల వీడియో వచ్చి పడుతుంది. దానిని తన గదిలో కంప్యూటరు నుంచి హాలులో వున్న డిస్కు పెట్టెలోకి నకలు తీసి దాచుకోవాలి. ఇప్పుడున్న అద్దె ఇంట్లో ఆ పని వైఫైమీద చేస్తున్నది. సాయంత్రం మొదలుపెడితే తెల్లవారినా తెమలదు. మొన్న మాఘమాసంలో సగంలో ఆగిపోయిందట. మళ్ళీ మొదటినుంచి నకలు తీసేసరికి ఇచ్చిన గడువు దాటింది. పెళ్ళివారు మిగతా పైకం ఇవ్వడానికి పేచీ పెట్టారు. కొత్త ఇంట్లో అయినా గోడలలో పైపులు వేయించి తీగె లాగించమని అమ్మాయి పట్టు. “ఇప్పుడు వైర్లెవరు వేయించుకుంటున్నారండీ, అంతా వైఫైయే గదా” అని ఎలక్ట్రీషియను మాట. మావారు ఎలక్ట్రీషియను పక్షం, మీరేమంటారు అని ఆ సోదరి ప్రశ్న.

నేను అమ్మాయి పక్షం. అయితే ఎలక్ట్రీషియను మాటలోనూ కొంత నిజం వున్నది. అది ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను. ఇల్లు కట్టుకునేవారు, అద్దె ఇళ్ళలో వున్నవారు తమకు కావలసింది తీసుకోవచ్చును.

మొదట ఒక అపోహ తీర్చుకుందాం. “మేము నెలకు ఇంత కట్టి వేగమైన ఇంటర్‌నెట్ పెట్టించుకున్నాం, అయినా మా ఇంట్లో ఫైళ్ళు నత్తనడక నడుస్తున్నాయి” అని చాలామంది వ్రాస్తుంటారు. నెలనెలా కట్టే డబ్బు బయటనుంచి మీ గుమ్మందాకా వచ్చే దారికి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఫైలు పోవడానికి ఆ దారితో పనిలేదు. వంటింట్లోంచి హాలులోకి కాఫీ గ్లాసు తెచ్చుకోవడానికి బస్సు టిక్కెట్టు కొంటామా? ఇంటర్‌నెట్ పూర్తిగా ఆగిపోయిన రోజున కూడా మీ కంప్యూటరు నుంచి మీ డిస్కు పెట్టెకు నకలు నిక్షేపంగా వెళుతుంది. కాబట్టి ఖరీదైన ప్లానుకు మారితే ఈ బాధ తీరదు. ఇంటి లోపలి దారి బాగుపడాలి.

ఆ దారి రెండు విధాలు. ఒకటి రాగి తీగె. దాన్నే ఈథర్‌నెట్ అనీ, వాడుకలో లాన్ వైరు అనీ అంటున్నాం. రెండోది రేడియో తరంగం, అదే వైఫై.

ఇక లెక్క చూద్దాం. అమ్మే పెట్టెలమీద వేగం మెగాబిట్లలో వ్రాస్తారు. మన ఫైళ్ళు మాత్రం మెగాబైట్లలో వుంటాయి. ఒక బైటుకు 8 బిట్లు. అంటే 1000 మెగాబిట్ల తీగెలో సెకనుకు 125 మెగాబైట్లు నడవాలి. దారిఖర్చులు పోగా 110 దాకా చేతికి వస్తాయి. ఆ లెక్కన 200 గిగాబైట్ల పెళ్ళి అరగంటలో దిగిపోతుంది.

వైఫైలో ఎంత వస్తుందని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. ఎక్కడ కూర్చున్నారన్నదానిమీద వుంటుంది. రూటరున్న గదిలోనే కూర్చుని, 5 గిగాహెర్ట్జుల బాండు వాడితే సెకనుకు 50 మెగాబైట్లు రావచ్చును. అప్పుడు అదే పెళ్ళికి గంట దాటి ఆరేడు నిమిషాలు పడుతుంది. మేడమీద, ఒక శ్లాబుకూ రెండు గోడలకూ అవతల, 2.4 గిగాహెర్ట్జులమీద 5 మెగాబైట్లు మాత్రమే అందితే పదకొండు గంటలు. సాయంత్రం ఆరింటికి మొదలైన నకలు తెల్లవారి అయిదింటికి పూర్తవుతుంది, మధ్యలో ఏ ఆటంకమూ రాకుంటే. ఇదీ ఆ అమ్మాయి కథ.

“మా రూటరు పెట్టెమీద 1200 అని వున్నదే!” అంటారా? ఆ అంకె చదవడంలో కిటుకు వున్నది. రూటరులోని రెండు రేడియోల అంకెలు, ఒకటి 300, ఇంకొకటి 867, రెండూ కలిపి పైకి సవరించి 1200 అని అచ్చువేస్తారు. మీ కంప్యూటరు సాధారణంగా ఆ రెండింటిలో ఒకదానితోనే మాట్లాడుతుంది. పైగా అది గోడా, దూరమూ, పొరుగువారూ లేనప్పటి అంకె. అందులో సగం చేతికి వస్తే సంతోషించాలి.

తేడా ఇంత ఎందుకు వస్తున్నది? తీగె మీ ఒక్కరి సొంతదారి. పోవడం రావడం ఏకకాలంలో జరుగుతాయి. గాలి అందరిదీ. ఒకే చానెలులో ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు ఆగాలి. మీ ఇంట్లో నాలుగు ఫోనులు, టీవీ, పక్కింటివారి రూటరు, వెనకింటివారి రూటరు అందరూ వంతులు వేసుకుని మాట్లాడాలి. దీనికి తోడు ఇంట్లో సామాను. ఇనుప బీరువా, ఫ్రిజ్జి, పెద్ద అద్దం, నీళ్ళ డ్రమ్ము, శ్లాబులో వున్న ఇనుప చువ్వలు ఇవన్నీ తరంగాన్ని తిప్పికొట్టేవో మింగేసేవో. మైక్రోవేవ్ ఓవెను పనిచేసేది సుమారు 2.45 గిగాహెర్ట్జులమీద. కూర వేడిచేస్తున్నంతసేపూ పక్క గదిలో నకలు కుంటుతున్నదంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇంకొక నష్టం చాలామంది గమనించరు. కంప్యూటరు వైఫైమీద వున్నది, డిస్కు పెట్టె కూడా వైఫైమీదే వున్నదనుకోండి. ఫైలు మొదట కంప్యూటరు నుంచి రూటరుకు గాలిలో పోవాలి. అక్కడినుంచి డిస్కుకు మళ్ళీ గాలిలో పోవాలి. ఒకే సరుకుకు రెండుసార్లు గాలి ఖర్చు. రెండూ ఒకే చానెలులో వుంటే వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. డిస్కు పెట్టెను రూటరు పక్కన పెట్టి, గజం పొడుగు తీగెతో రెంటినీ కలిపితే ఆ సగం తిరిగివస్తుంది. గోడ కొట్టనక్కర్లేదు, మేస్త్రిని పిలవనక్కర్లేదు. అద్దె ఇంట్లో వున్నవారు ఈ ఒక్క పని ఈ సాయంత్రమే చేసుకోవచ్చును.

తీగె, గాలి అని వేరుచేసి మాట్లాడుతున్నాం గాని, నిజానికి ఇవి రెండూ ఒక ఇంటి పిల్లలు. హవాయి దీవులలో ఒక దీవినుంచి మరొక దీవిలోని కంప్యూటరుతో మాట్లాడడానికి అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో రేడియో ఏర్పాటు నడిపింది. దాని పేరు అలోహానెట్. ఇద్దరు ఒక్కసారే మాట్లాడి మాటలు ఢీకొంటే, ఎవరికి వారు కాసేపు ఆగి మళ్ళీ చెప్పడం దాని పద్ధతి. ఆ ఆలోచనను తీసుకుని 1973లో అమెరికాలో జెరాక్స్ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాన్ని తీగెలోకి దింపారు. విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండివున్నదని వెనకటి శాస్త్రజ్ఞులు వూహించారు గదా, ఆ పేరే దీనికి పెట్టారు. గాలిలోని పద్ధతి తీగెలోకి వచ్చింది; తీగెకు ఆకాశం పేరు వచ్చింది!

తరువాత తీగెకు స్విచ్చి అనే పెట్టె తోడయి, ఎవరి దారి వారికి వేరుచేసింది; ఢీకొనడం పోయింది. 1999 నాటికి మామూలు రాగి తీగెలో 1000 మెగాబిట్లు నడిపే ప్రమాణం వచ్చింది. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చినప్పుడు దాని వేగం 2 మెగాబిట్లు. రెండేళ్ళకు 11 అయింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జుల బాండులో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం 2005లో నియమాలు తెచ్చింది. ఆనాటినుంచి వైఫై ఎంతో ఎదిగింది. కాని వంతులు వేసుకుని మాట్లాడవలసిన బాధ మాత్రం దానికి పూర్తిగా తప్పలేదు. అది యంత్రం లోపం కాదు, గాలి స్వభావం.

అందుకని వైఫైని తీసిపారెయ్యమని నేను అనడం లేదు. వంటింట్లో ఫోను పెట్టుకుని వంట చూసి నేర్చుకునే కోడలికి, మంచంమీద పడుకుని పురాణం వినే అత్తగారికి, వరండాలో కూర్చుని పత్రిక చదువుకునే మామగారికి తీగె లాగి ఇస్తామా? ఫోనుకు తీగె పెట్టుకునే చోటే లేదు. నాలుగు ఫోటోలు, ఒక పాట, రెండు కాగితాలు పంపుకోవడానికి వైఫై హాయిగా సరిపోతుంది. ఎలక్ట్రీషియను మాట ఇంతవరకూ నిజమే. అది ఆగిపోయేది పెద్ద ఫైళ్ళ దగ్గర, గడువు పెట్టుకున్న పని దగ్గర.

నేను చెప్పే సూత్రం చిన్నది: కదిలే వస్తువుకు గాలి, కదలని వస్తువుకు తీగె. బల్లమీద కంప్యూటరు కదలదు. డిస్కు పెట్టె కదలదు. టీవీ కదలదు. వీటిని తీగెకు కట్టేస్తే, గాలి ఫోనులకు ఖాళీ అవుతుంది. వైఫై కూడా బాగుపడుతుంది. ఇంకో మాట. మేడమీద వైఫై సరిగా అందాలంటే అక్కడ ఇంకొక చిన్న వైఫై పెట్టె బిగించాలి. దానికి కిందినుంచి తీగె వుంటేనే అది పూర్తి బలంతో పనిచేస్తుంది. అంటే మంచి గాలి కావాలన్నా గోడలో తీగె వుండాలి. ఈ మాట మీ వారికి ముందుగా చెప్పండి. వైఫై పక్షం వహించినవారికి ఇది నచ్చవచ్చును.

ఇక రాజమండ్రి సోదరి ఎలక్ట్రీషియనుకు చూపించవలసిన విషయాలు వ్రాస్తున్నాను.

కరెంటు తీగెలు వున్న పైపులో లాన్ వైరు దూర్చవద్దు. దానికి వేరే పైపు, 25 మిల్లీమీటర్లది, కరెంటు పైపుకు ఎడంగా వెయ్యాలి. రెండూ ఒకదానినొకటి దాటవలసిన చోట అడ్డంగా దాటాలి గాని పక్కపక్కనే చాలా దూరం నడవకూడదు. మలుపులు మెల్లగా తిరగాలి. లంబకోణంలో విరిచిన పైపులో తీగె లాగడం కష్టం. ఇప్పుడు తీగె వేసినా వెయ్యకపోయినా పైపు మాత్రం ఇప్పుడే వేయించి, లోపల లాగుడు తీగె ఒకటి వుంచండి. తీగె ఎప్పుడైనా మార్చుకోవచ్చును. పైపు కోసం మాత్రం పూత అయ్యాక గోడ కొట్టవలసిందే. ఇప్పుడు అయ్యే ఖర్చు, రేపు గోడ కొట్టి, పూత వేసి, రంగు వేయించే ఖర్చు రెండూ ఎలక్ట్రీషియను చేతనే చెప్పించండి. మీ వారు ఆ రెండంకెలూ విని తమంతట తామే అమ్మాయి పక్షానికి వస్తారని నా నమ్మకం.

పైపులన్నీ ఒకే చోటికి చేరాలి. హాలులో ఒక మూల గూడు అట్టే పెట్టండి. అక్కడ రెండు ప్లగ్గులు, గాలి ఆడడానికి సందులు వుండాలి. గూటికి ఇనుప తలుపు పెట్టి వైఫై పెట్టెను లోపల బంధిస్తే తరంగం బయటికి రాదు. చెక్క తలుపు చాలు. అమ్మాయి గదికి రెండు తీగెలు వెయ్యండి. ఒకటి పాడయితే ఇంకొకటి వుంటుంది.

తీగె కొనేటప్పుడు క్యాట్ 6 అని అడగండి. పూర్తి రాగిదేనా అని కూడా అడగండి. అల్యూమినియంమీద రాగి పూత పూసినవి తక్కువ ధరకు దొరుకుతాయి. లాగేటప్పుడు తెగుతాయి, వేగమూ నిలవదు. లోపల 8 తీగెలు, అంటే 4 జతలు, వుంటాయి. అన్నీ కలిస్తేనే 1000 మెగాబిట్లు. ఒక తీగె దీర్ఘం 100 మీటర్ల దాకా పనికివస్తుంది. ఏ ఇంటికైనా అది చాలు. తీగె వేశాక రెండు కొసలకూ ఒకే అంకె వ్రాసిన చీటీ అంటించండి. మేస్త్రి సామాను సర్దుకోకముందే ఒక పెద్ద ఫైలు నకలు తీసి, వేగం కళ్ళారా చూసుకోండి.

ఇంత చేసినా తీగె ఇచ్చేది వేగం మాత్రమే, భద్రత కాదు. కాబట్టి అమ్మాయికి వేరుగా ఒక మాట. కెమెరా కార్డులో వున్న పెళ్ళిని డిస్కులోకి “తరలించవద్దు”, నకలు తియ్యి. నకలు పూర్తయ్యాక మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి ఫైళ్ళు తెరిచి చూడు. మొత్తం ఫైళ్ళ సంఖ్య, పరిమాణం సరిపోల్చు. ఇంకో డిస్కుమీద రెండో నకలు పడేదాకా కార్డు తుడవకు. ఆ రెండో డిస్కు మీ ఇంట్లో కాక మేనత్తగారింట్లోనో, స్నేహితురాలి ఇంట్లోనో వుంటే మరీ మంచిది. ఆలస్యమైన వీడియోకు పెళ్ళివారు పేచీ పెట్టి వూరుకుంటారు. పోయిన మంగళసూత్రధారణ మళ్ళీ తీయించడం ఎవరి తరమూ కాదు.

మిగతా వుత్తరాలలో ఇదే విషయం అడిగినవారికి క్లుప్తంగా జవాబులు.

గుంటూరు సోదరునికి: సందుకు అవతల వున్న మీ అన్నగారింటికి డాబామీదుగా రాగి తీగె వేలాడదీస్తే దీర్ఘం చాలవచ్చును గాని పిడుగుల మాట మరిచారు. దగ్గరలో పిడుగు పడితే ఆ తీగెవెంట వచ్చే విద్యుత్తు రెండిళ్ళలోని సామానూ తగలబెట్టగలదు. రెండిళ్ళ మధ్య లోహం లేని గాజుపోగు తీగె, అంటే ఆప్టికల్ ఫైబరు, వెయ్యండి; అందులో నడిచేది వెలుగే గాని కరెంటు కాదు. లేదా ఎదురెదురుగా చూసుకునే వైర్‌లెస్ పెట్టెలు బిగించుకోండి. ఇక్కడ మాత్రం రాగికన్న గాలి మేలు.

హైదరాబాదులో అద్దె ఫ్లాటు సోదరికి: ఇల్లుగలాయన మేకు కూడా కొట్టనివ్వడంలేదని బాధపడవద్దు. డిస్కును రూటరు పక్కన తీగెతో కలపండి. పెద్ద నకలు తియ్యవలసిన రోజున లాప్‌టాపును గదిలో వుంచి తరంగం కోసం తపస్సు చేసేకంటే, దాన్నే రూటరు దగ్గరికి తీసుకువెళ్ళి రెండు మీటర్ల తీగె తగిలించండి. మీ లాప్‌టాపుకు ఆ చోటు లేకపోతే, యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టరు దొరుకుతుంది; 1000 మెగాబిట్లదే అడిగి తీసుకోండి.

తెనాలి సోదరునికి: తీగె వేసినా మీకు సెకనుకు 11 మెగాబైట్లే వస్తున్నాయంటే, ఆ అంకెలోనే జవాబు వున్నది. అది 100 మెగాబిట్ల వేగం. మీ రూటరు పోర్టులు 100వి అయివుండాలి, లేదా తీగె కొసను బిగించినవారు 8 పోగులలో 4 మాత్రమే కలిపివుండాలి, లేదా ఒక పోగు తెగివుండాలి. ముందు వేరే తీగె పెట్టి చూడండి. ఆ తరువాత రూటరు సంగతి ఆలోచించవచ్చును.

విశాఖపట్నం నుంచి పింఛనుదారుగారికి: మీ అనుమానం సబబైనదే. తీగెలో ఫైలు దొంగిలించాలంటే ఎవరైనా ఇంట్లోకి రావాలి. వైఫై మీ గోడ దగ్గర ఆగదు. మెట్లమీద కూర్చున్నవారికీ అందుతుంది. అందుకని రూటరులో డబ్ల్యూపీఏ 2 గాని, వుంటే డబ్ల్యూపీఏ 3 గాని పెట్టించండి. ఇంటి పేరు, ఫోను నంబరు కాకుండా పొడుగాటి సంకేతపదం పెట్టండి. పొరుగు కుర్రవాడు వైఫై అడిగితే కాదనలేకపోతున్నానన్నారు. కాదననక్కర్లేదు, అతిథులకని రూటరులో వేరే వైఫై పెట్టే వీలుంటుంది. దానిమీద ఇంటర్‌నెట్ వస్తుంది గాని మీ ఫైళ్ళు కనపడకుండా చేసుకోవచ్చును. ఆ ఏర్పాటు చేశాక మనుమడి ఫోనును దానికి కలిపి, మీ డిస్కు కనపడుతున్నదో లేదో ఒకసారి చూడమనండి. కనపడకపోతే ఇక నిశ్చింతగా వుండండి.